ఉట్నూరులో షూటింగ్... హీరో ఎవరు?

ఉట్నూరులో ఎవరితోనైనా "షూటింగ్" అని అనండి చూద్దాం! "ఏ సినిమా అన్నా? హీరో ఎవరు?" అనే అడుగుతారు. తప్పు వాళ్లది కాదు లెండి. ఆ మాటను మన కెమెరావాళ్లు ఎప్పుడో సొంతం చేసేసుకున్నారు. తుపాకీతో ఆడే షూటింగ్ కూడా ఒకటుందనీ, అందులోనూ గుంపులో గోవిందయ్య వేషం నుంచి హీరో దాకా మెట్లున్నాయనీ చెబితే "అట్లనా!" అని నోరు వెళ్లబెడతారు. ఈ వారం ఆ మెట్ల సంగతి ముచ్చటించుకుందాం.

వెండితెర మీద తుపాకీ పట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ "మోసగాళ్ళకు మోసగాడు"గా గుర్రమెక్కి వచ్చిన నాటి నుంచీ మన హీరోలు నడుము దగ్గర్నుంచే పేల్చి విలన్లను పడగొడుతూనే ఉన్నారు. ఆ తుపాకీలో ఎన్ని తూటాలు పడతాయో లెక్కపెట్టిన ప్రేక్షకుడు లేడు. లెక్కపెడితే టిక్కెట్టు డబ్బులు దండగ!

అసలు పోటీలో మాత్రం తూటాకూ లెక్కుంది, సెకనుకూ లెక్కుంది. 1996లో అమెరికాలో ఇంటర్నేషనల్ డిఫెన్సివ్ పిస్టల్ అసోసియేషన్ అనే సంఘం పుట్టింది. పొట్టిగా ఐ.డి.పి.ఎ. ఆత్మరక్షణ సన్నివేశాలనే వీళ్లు ఆటగా మలిచారు. చొక్కా మాటున పిస్తోలు ఉంటుంది. ఎదురుగా మనిషి ఆకారంలో అట్టబొమ్మలు. "బీప్" అని చప్పుడు కాగానే తీసి కాల్చాలి. చాటు ఉన్నచోట చాటునే నిలబడాలి. గురి పక్కకు జరిగితే పోయిన ఒక్కో పాయింటుకూ ఒక సెకను చేరుస్తారు. బొమ్మల్లో అమాయకులూ ఉంటారు, వాళ్లకు తగిలిందా, ఐదు సెకన్లు నెత్తిన పడ్డట్టే! చివరికి ఎవరి టైము తక్కువైతే వాళ్లదే గెలుపు.

అందరినీ ఒకే గాటన కట్టరు. నోవిస్, మార్క్స్‌మన్, షార్ప్‌షూటర్, ఎక్స్‌పర్ట్, మాస్టర్, ఆ పైన డిస్టింగ్విష్డ్ మాస్టర్... ఇవీ తరగతులు. ఏ తరగతో తేల్చే పరీక్ష ఒకటుంది. పొట్టి పరీక్షలో పది గజాల దూరం నుంచి పాతికే తూటాలు. మొదట రెండు చేతులతో అయిదు. తర్వాత ఒంటి చేత్తో అయిదు. ఆపైన అయిదు కాల్చి, మ్యాగజీన్ మార్చి, ఇంకో అయిదు. చివర ఒంటికి నాలుగు, తలకు ఒకటి. అంతా కలిపి అర నిమిషం పని! ఆ అర నిమిషంలో రెండు మూడు సెకన్లు తగ్గించుకోవడానికే ఏళ్లు పడుతుంది. మొదట్లో తగ్గేవి కాల్పు దగ్గర కాదట... పిస్తోలు బయటికి తియ్యడంలోనూ, మ్యాగజీన్ మార్చడంలోనూ. అవి రెండూ ఒక్క తూటా ఖర్చు లేకుండా, ఖాళీ పిస్తోలుతో ఇంట్లోనే సాధన చేసుకునేవి.

ఇందులోనూ గడుసువాళ్లున్నారండోయ్! పరీక్షలో కావాలని నెమ్మదిగా కాల్చి, కింది తరగతిలోనే ఉండిపోయి, అక్కడి కప్పులన్నీ ఎగరేసుకుపోదామనుకునే రకం. అందుకని పెద్ద పోటీలో తన తరగతివాళ్లను గట్టిగా ఓడించినవాణ్ణి పై తరగతికి తోసేసే నిబంధన పెట్టారు. డిగ్రీ పాసయినవాడు మళ్లీ పదో తరగతి పరీక్ష రాసి ఫస్టొస్తానంటే కుదరదన్నమాట.

మరి ఈ ఆట మన దగ్గర? 1959 నాటి ఆయుధాల చట్టం కింద 9 ఎం.ఎం., .45 పిస్తోళ్లు మామూలు జనానికి నిషిద్ధం. ఆ ఆటకు ఎక్కువగా వాడేవి అవే. కాబట్టి మన మెట్లు వేరు. 1951లో ఏర్పడ్డ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వేసిన మెట్లవి. రాష్ట్ర పోటీలో కనీస స్కోరు వస్తే పై పోటీకి, అక్కడా వస్తే జాతీయ పోటీలకు, ఆ తర్వాత ఇండియా జట్టు ట్రయల్స్‌కు. దారిలో "రినౌన్డ్ షాట్" అనే హోదా కూడా ఉంది. సికింద్రాబాదులో పుట్టి తమిళ తెరకు తారగా వెలిగిన అజిత్ కూడా 2021లో తమిళనాడు రాష్ట్ర పోటీల్లో వరుసలో నిలబడి కాల్చే పతకాలు తెచ్చుకున్నాడు. అక్కడ డూపుల్లేరు మరి!

ఈ మెట్లు చకచకా ఎక్కిన మన అమ్మాయి ఈషా సింగ్. హైదరాబాదు పిల్ల. తండ్రి ర్యాలీల్లో కారు నడిపినవాడు. 2014లో తొమ్మిదేళ్ల వయసులో పిస్తోలు పట్టింది. రేంజి చూస్తే దూరాన గచ్చిబౌలిలో! తండ్రి ఇంట్లోనే కాగితం టార్గెట్లతో రేంజి కట్టించాడు. 2018 జాతీయ పోటీల్లో పదమూడేళ్లకే మను భాకర్, హీనా సిద్ధూలను దాటి చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక బంగారం, మూడు వెండి పతకాలు. ఆమె ఆడే 25 మీటర్ల పిస్తోలు పోటీ రెండో సగం చూశారూ... చెయ్యి కిందికి దించి నిలబడాలి. పచ్చదీపం వెలిగిన మూడు సెకన్లలో చెయ్యెత్తి ఒక్క తూటా కాల్చాలి. మళ్లీ ఏడు సెకన్లు ఆగాలి. అలా ముప్పయి సార్లు! 2024 పారిస్‌లో ఇదే పోటీలో ఆమె ఫైనల్ దాకా రాలేకపోయింది. మెట్లు ఎక్కాక కూడా జారే చోట్లుంటాయి.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. ఉట్నూరు సీమలో తుపాకీ అంటే ఆటవస్తువు కాదు. "ఆర్.ఆర్.ఆర్."లో భీమ్‌ను చూసి మనం ఈలలు వేశాం. అసలు కొమురం భీం 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల తూటాలకే నేలకొరిగాడు. 1981 ఏప్రిల్ 20న పక్కనే ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది, జనం లెక్కలో ఇంకా చాలా ఎక్కువ. ఆ స్తూపం దాటి బడికి పోయే పిల్ల చేతికి పిస్తోలిస్తామంటే ఇంట్లో పెద్దవాళ్లు మొహం ముడుచుకుంటే ఆశ్చర్యమేముంది? నామటుకు నాకు మనిషి ఆకారపు అట్టబొమ్మల ఆట ఈ నేలకు నప్పదనే అనిపిస్తుంది. కాగితం మీది నల్లచుక్క వేరు. దానికి మొహం లేదు, ఎవరి పేరూ లేదు.

అయితే మొదటి మెట్టే చాలా ఎత్తు. ఉట్నూరు నుంచి గచ్చిబౌలి పోవాలంటే ఆరేడు గంటల బస్సు ప్రయాణం. పోటీకి పనికొచ్చే ఎయిర్ పిస్తోలు లక్ష రూపాయల పైమాటే. గగన్ నారంగ్ తొలినాళ్లలో రైఫిల్ కోసం వాళ్ల ఇంట్లో స్థలమే అమ్మారని చెప్పుకుంటారు. 2012లో లండన్‌లో కంచు పతకం వచ్చింది కనుక ఆ కథ మనదాకా వచ్చింది. అమ్మడానికి స్థలం లేని ఇంట్లో?

దూరం మాత్రం పెద్ద సమస్య కాదు. ఎయిర్ పిస్తోలు పోటీకి కావలసింది పది మీటర్లే... ఆశ్రమ పాఠశాల వరండా అంత. పదిపాయింట్ల వలయం చొక్కా గుండీ అంత ఉంటుంది. డెబ్బయ్ అయిదు నిమిషాల్లో అరవై సార్లు దాన్ని వెతుక్కోవాలి. వరండా చివర గట్టి గోడ కావాలి, కాల్చేటప్పుడు పిల్లలు అటూ ఇటూ తిరగకుండా తలుపుకు గొళ్లెం కావాలి. కొమురం భీం కాంప్లెక్సులోని ఐ.టి.డి.ఎ. తలుచుకుంటే ఒక పిస్తోలు, ఒక పెల్లెట్ల డబ్బా, సాయంత్రం లెక్క చూసి వాటిని బీరువాలో పెట్టి తాళం వేసే మాస్టారు ఒకరు... మొదటి మెట్టుకు అంతే సరంజామా.