కుర్చీని మంచం చేయడమెలా?

రాత్రంతా బస్సులో కూర్చుని తెల్లవారి ఊళ్ళో దిగినప్పుడు మీ ఒళ్ళు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మెడ ఒకవైపు పట్టేసి ఉంటుంది. మోకాళ్ళు నొప్పి. ఇంటికి పోయి మంచం మీద వాలితే గాని ప్రాణం కుదుటపడదు. మరి హైదరాబాదు నుంచి లండనుకు విమానంలో సుమారు పది గంటల ప్రయాణం! మామూలు తరగతిలో ఒక సీటు నుంచి దాని వెనక సీటుకు దూరం 31 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. ఎన్నో రెట్లు డబ్బిచ్చి బిజినెస్ క్లాసు టికెట్టు కొన్నవారు మాత్రం పడుకుని వెళతారు. ఆ టికెట్టు ఊసు మనకెందుకులే అనుకోకండి. ఆ సీటులో మంచి లెక్క ఒకటి దాగి ఉంది.

ముందు మన శరీరం సంగతి. 1953లో కీగన్ అనే అమెరికన్ వైద్యుడు రకరకాల భంగిమల్లో ఎక్స్‌రేలు తీసి, తొడకూ మొండేనికీ మధ్య కోణం సుమారు 135 డిగ్రీలు ఉంటే నడుము వంపు సహజంగా ఉంటుందని చూపాడు. బడి బెంచీ మీద నిటారుగా కూర్చుంటే ఆ కోణం 90 డిగ్రీలే. 1973-74లో స్కైలాబ్‌లో బరువు తెలియకుండా తేలుతున్న వ్యోమగాముల శరీరాలు తమంతట తామే సుమారు 128 డిగ్రీలకు వచ్చాయి. పడక కుర్చీలో వాలితే ఎందుకు హాయిగా ఉంటుందో తెలిసిందా?

అయితే పడక కుర్చీలో కునుకు తీయవచ్చు గాని, పక్కకు ఒత్తిగిలి నిద్రపోలేం. అందుకని కొన్ని విమాన సంస్థలు సీటును తిన్నగా సాగదీసి, కాస్త ఏటవాలుగా ఉండే పడక చేశాయి. ఎనిమిది డిగ్రీల వాలు ఏపాటిది అంటారా? 60 కిలోల మనిషిని గురుత్వాకర్షణ ఆ వాలు వెంట కిందికి లాగే బలం 8 కిలోల బరువుకు సమానం. బట్టకూ పరుపుకూ మధ్య ఘర్షణ ఆపుతూనే ఉంటుంది. కాని నిద్రలో కదిలినప్పుడల్లా కాస్త కాస్త జారి, తెల్లవారేసరికి తల దిండు దిగిపోతుంది.

సరే, బల్లపరుపు మంచమే వేద్దాం. దానికి ఆరున్నర అడుగుల పొడవు కావాలి. ఇప్పుడొక కాగితం మీద దీర్ఘచతురస్రం గీసి, పొడవునా రెండు నడవలు గీయండి. అగ్గిపుల్లలే మంచాలు. ఏ పుల్లనూ దాటకుండా ప్రతి పుల్ల నుంచి నడవలోకి దారి ఉండాలి. ఎన్ని పడతాయో పేర్చి చూడండి.

2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారు ఒక కిటుకు వేశారు. ఇంటి నిండా చుట్టాలు దిగినప్పుడు ఒకే మంచం మీద ఇద్దరు పిల్లల్ని, ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్ళు వచ్చేలా పడుకోబెడతారే, అదే కిటుకు! భుజాల దగ్గర మనిషి వెడల్పు, పాదాల దగ్గర సన్నం. అందుకని ఒక సీటు ముందుకూ, పక్క సీటు వెనక్కూ తిప్పారు. మంచాలు బాగానే పట్టాయి. కాని అర్ధరాత్రి లేచిన కిటికీ పక్క మనిషి, నిద్రపోతున్న పక్కవారి కాళ్ళ మీదుగా దాటాలి!

2003లో వర్జిన్ అట్లాంటిక్ వారు సీట్లను చేపముల్లులా ఏటవాలుగా పేర్చి అందరికీ దారి ఇచ్చారు. కాని పడుకోవాలంటే లేచి నిలబడి, సీటు వీపును ముందుకు బోర్లించాలి. కూర్చోవడానికి ఒకవైపు, పడుకోవడానికి రెండోవైపు. పరుపుకు అది మంచిదే. మోకాళ్ళ నొప్పుల మామ్మగారికి మాత్రం ఎవరో ఒకరు సాయం రావాలి. ఆ తరువాత వచ్చిన సీట్లు కొన్ని అదే చేపముల్లును తిరగేసి, కిటికీ వైపు చూసేలా పెట్టాయి. మీట నొక్కితే కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పడకలోకి జారతాడు. నన్నడిగితే అన్నిటిలోనూ ఇదే మేలు. ఇంకొన్నిటిలో పాదాలు ముందు సీటువారి బల్ల కింది గూటిలో దూర్చాలి. గూడు ఇరుకైతే పక్కకు తిరగడమే కష్టం. 2017లో ఖతార్ ఎయిర్‌వేస్ వారు తలుపులు కూడా బిగించారు. 2024లో ఎయిర్ ఇండియా నడపడం మొదలుపెట్టిన ఎ350 విమానాల్లోనూ ఆ తలుపులున్నాయి. తలుపుంటే ఏకాంతమే గాని, పాదాల గూడు వెడల్పవుతుందా?

సుఖం ఒక్కటే చాలదు. 1988 నాటి అమెరికా నిబంధన ప్రకారం కొత్త రకం విమానాల సీట్లు గురుత్వానికి 16 రెట్ల తాకిడిని తట్టుకోవాలి. 60 కిలోల మనిషి ఆ క్షణంలో దాదాపు టన్ను బరువుతో సీటును లాగుతాడన్నమాట. ఏటవాలు సీటులో ఆ తాకిడికి ఒళ్ళు పక్కకు మెలిపడుతుంది. అందుకే అలాంటి చాలా సీట్ల బెల్టులో గాలిసంచి దాచి ఉంచుతారు. దిగేటప్పుడూ ఎగిరేటప్పుడూ పడక మడిచి నిటారుగా కూర్చోమనేదీ ఇందుకే.

అగ్గిపుల్లలు తీసేముందు ఇంకొక ప్రశ్న. మేఘాల పైన తిన్నగా పోతున్నప్పుడు కూడా విమానం ముక్కు రెండు మూడు డిగ్రీలు పైకెత్తి ఉంటుంది. మంచం విమానం నేలకు సరిసమానంగా ఉందనుకోండి. ముక్కు వైపు కాళ్ళు చాపి పడుకున్నవారికి తల పల్లమవుతుందా, కాళ్ళు పల్లమవుతాయా? తోక వైపు కాళ్ళు చాపిన వారికో?