మంచు కురిసిన మరునాడు

తెలుగునాట చలికాలము బహుసుఖకరమైన కాలము. ధనుర్మాసమున తెల్లవారకముందే హరిదాసుల కీర్తనలు వీధులలో వినవచ్చును. ముంగిళ్లలో ముగ్గులు, ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు కన్నులపండువుగా నుండును. భోగినాడు పిల్లలు, పెద్దలు మంటలు వేసి చలి కాచుకొందురు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి వంటి మన్యపు పల్లెలలో కొన్ని వేకువలయందు పచ్చికపై పేరుకొను తెల్లని పొరను చూచుటకే జనులు దూరప్రాంతములనుండి పోవుచుందురు. మన పురపాలక సంఘములకు వానకాలము పరీక్షయే కాని చలికాలము అంత పరీక్ష కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చికాగో నగరమున సంగతి వేరు. అచ్చట చలికాలమే నగరపాలకులకు అగ్నిపరీక్ష. చలిలో అగ్నిపరీక్ష యనుట వింతగా తోచినను మాట నిజము. మిషిగన్ అను మహాసరస్సు ఒడ్డున వెలసిన ఆ నగరమున సుమారు 27 లక్షల జనులు నివసించుచున్నారు. 1893 సెప్టెంబరులో వివేకానందస్వామి సర్వమత మహాసభలో ప్రసంగించినది ఈ నగరమందే. సెప్టెంబరులో చికాగోను చూచినవారు మరల జనవరిలో చూచినచో అది వేరొక ఊరని భ్రమపడుదురు. ఒక్కొక్క చలికాలమున సగటున మూడడుగుల మంచు అచ్చట కురియును. 1985 జనవరి 20వ తేదీన ఉష్ణోగ్రత సెంటీగ్రేడు మానమున సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పడిపోయెను. ఆ నగర చరిత్రలో అంతటి చలి మరియొకనాడు నమోదు కాలేదు.

మంచు కురియుచుండగా చూచుటకు మనోహరముగానే యుండును. చిక్కులన్నియు మరునాడు మొదలగును. బండ్ల చక్రముల క్రింద నలిగిన మంచు గట్టిపడి గాజుపలకవలె నగును. పగలు కొంచెము కరగి రాత్రి మరల గడ్డకట్టును. అప్పుడు బండి నిలువదు, కాలు నిలువదు. ఇంటికి నిప్పంటుకొన్నచో అగ్నిమాపక శకటము రాలేదు; రోగిని ఆసుపత్రికి చేర్చుటకు వాహనము కదలదు. కావున అచ్చట వీధిలో మంచు తొలగించుట కేవలము పారిశుద్ధ్యపు పని కాదు, ప్రాణరక్షణకు సంబంధించిన పని.

నగరములో వీధుల పొడవు మొత్తము సుమారు 4,000 మైళ్లు. మంచు పడునని వాతావరణశాఖవారు చెప్పినంతనే రమారమి 300 లారీలు సిద్ధమగును. ప్రతి లారీ ముందు భాగమున పెద్ద ఇనుపపలక యొకటి అమర్చబడియుండును. అది నాగలి మట్టిని విరజిమ్మినట్లు మంచును ప్రక్కకు త్రోయును. లారీ వెనుకనుండి ఉప్పు చల్లబడుచుండును. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు. అంతకన్న చల్లబడిన గాని గడ్డకట్టదు. అందుచేత ఉప్పు చల్లిన చోట మంచు కరగిపోవును. అయితే చలి సున్నకు దిగువ తొమ్మిది, పది డిగ్రీలు దాటినప్పుడు ఉప్పు శక్తి సన్నగిల్లును. అప్పుడు వేరు లవణములు కలుపవలసివచ్చును. ఈ ఉప్పంతయు కరగి తుదకు నదులలోను సరస్సులలోను చేరి జలచరములకు హాని చేయుచున్నది. ఇది ఇంకను తీరని చిక్కే.

లారీలు మొదట రాజమార్గములను శుభ్రము చేయును; పిమ్మట నివాసముల సందులలోనికి పోవును. డిసెంబరు 1 మొదలు ఏప్రిల్ 1 వరకు 107 మైళ్ల ముఖ్యమార్గములలో తెల్లవారుజామున 3 గంటలనుండి 7 గంటలవరకు ఎవ్వరును కారు నిలుపరాదు. మంచు పడినను పడకున్నను ఈ నిబంధన తప్పదు. మరచి నిలిపినవారు ఉదయము లేచి చూచునప్పటికి కారు ఉండదు. నగరపాలకులు దానిని ఈడ్చుకొనిపోయి యుందురు. దాని యజమాని జరిమానా చెల్లించి తెచ్చుకొనవలెను. దీనిపై ఏటేట సణుగుడు తప్పదు, నిబంధనయు మారదు.

నగరము తన పని చేసినంతమాత్రమున పౌరుని పని తీరదు. ఇంటి ముందరి కాలిబాటపై మంచును ఆ యింటివారే ఎత్తవలెను. పగలు పడిన మంచును రాత్రి 10 గంటలలోపున, రాత్రి పడినదానిని ఉదయము 10 గంటలలోపున తొలగించి, అయిదడుగుల వెడల్పున దారి చేయవలెనని శాసనము. చక్రముల కుర్చీపై పోవువాడును, పసిబిడ్డను బండిలో త్రోసికొనిపోవు తల్లియు ఇబ్బంది లేక నడచుటకే ఈ కొలత. ఎత్తిన మంచును వీధిలోనికి విసరుట నేరము. వీధిలోని అగ్నిమాపక కుళాయి మంచులో కప్పబడినచో దగ్గరి ఇండ్లవారు త్రవ్వి బయటపెట్టుదురు. వృద్ధులును రోగులును ఉన్న ఇండ్ల ముందర పార పట్టుటకు యువకులు దళములుగా ఏర్పడుదురు. వృద్ధురాలు కిటికీ తెర తొలగించి చూచునప్పటికి దారి సిద్ధమై యుండును. పార పట్టినవాడు ప్రక్క వీధికి పోయి యుండును.

ఇక వింత ఆచార మొకటి కలదు. వీధి ప్రక్క మంచులో పూడుకొన్న తన కారును గంటలకొలది త్రవ్వి బయటికి తీసినవాడు, పనికి పోవుచు ఆ ఖాళీ స్థలములో పాత కుర్చీయో, బల్లయో, విరిగిన చీపురుకట్టయో నిలిపిపోవును. ఈ స్థలము నాదని దాని భావము. దీనిని 'డిబ్స్' అందురు. చట్టము దీనిని ఒప్పుకొనదు. ఇరుగుపొరుగువారు మాత్రము చాలవరకు ఒప్పుకొందురు. నడుము నొప్పించుకొన్నవాని పక్షముననే లోకము నిలుచుట సహజము గదా!

నగరపాలకులకు మంచు ఎంతటి పరీక్షయో చికాగోవారు మరువని చలికాల మొకటి చెప్పును. 1955 నుండి 1976 డిసెంబరులో మరణించువరకు రిచర్డ్ జె. డేలీ అచ్చట మేయరుగా నుండెను. ఆయన పిమ్మట మైకేల్ బిలాండిక్ మేయరయ్యెను. ఇరువురిదియు డెమోక్రటిక్ పక్షమే. ఆ పక్షము నిలిపిన అభ్యర్థి ఓడుట అచ్చట ఊహకు అందని సంగతి. 1978 డిసెంబరు 31న పెద్ద మంచు పడెను. అది తొలగకముందే 1979 జనవరి 13, 14 తేదీలలో మరి ఇరువది అంగుళములు పడెను. విమానాశ్రయము మూతపడెను. చెత్త ఎత్తువారు వారములకొలది రాలేదు. కార్లు పెట్టుకొనుటకు పాఠశాలల ఆవరణములలో మంచు తొలగించితిమని మేయరు ప్రకటించెను. ఆ మాట నమ్మి పోయిన జనులకు అచ్చట మంచుగుట్టలే కనబడెను. మంచు పడుట మేయరు తప్పు కాదు. లేని దారిని ఉన్నదని చెప్పుట మాత్రము ఆయన పాలనలోని తప్పే.

అంతకన్న పెద్ద గాయ మింకొకటి తగిలెను. చికాగోలో వీధులపై ఎత్తైన స్తంభముల మీద నడచు రైలుబండ్లు కలవు. మంచువలన అవి ఆలస్యముగా నడచుచుండగా, దూరపు పేటలవారిని త్వరగా చేర్చుటకై నడుమనున్న కొన్ని స్టేషన్లలో బండ్లు ఆపరాదని అధికారులు నిర్ణయించిరి. ఆ స్టేషన్లలో పెక్కింటి చుట్టును ఉన్నవి నల్లజాతివారి పేటలు. గడ్డకట్టు చలిలో వేదికపై నిలిచి పనికి పోవలెనని ఎదురుచూచువారి కన్నుల ముందరినుండియే బండ్లు ఆగక పోవుచుండెను. ఆ పేటలవారును ఆ బండ్లకు పన్ను కట్టినవారే. వారికి కలిగిన అవమానము మంచుతోపాటు కరగలేదు.

ఫిబ్రవరి 27న ఆ పక్షమువారు తమ అభ్యర్థిని ఎన్నుకొను పోలింగు జరిగెను. బిలాండిక్‌కు పోటీగా జేన్ బైర్న్ అను మహిళ నిలిచెను. లోగడ ఆమె నగరపాలనలో వినియోగదారుల శాఖకు అధిపతిగా పని చేయగా, 1977లో బిలాండిక్ ఆమెను ఉద్యోగమునుండి తొలగించెను. మంచు పడకపూర్వము ఆమె గెలుపును ఊహించినవారు బహుకొద్దిమంది. సుమారు 17 వేల ఓట్ల ఆధిక్యముతో ఆమె నెగ్గెను. నల్లజాతివారి పేటలనుండి ఆమెకు విశేషముగా ఓట్లు పడెను. ఏప్రిల్‌లో ఆమె చికాగోకు మొట్టమొదటి మహిళా మేయరయ్యెను. ఆ ఓటమికి వేరు కారణములును కొన్ని లేకపోలేదు. కాని నాటినుండి చికాగో మేయర్లందరును ఆకాశమువంక భయభక్తులతో చూచుచున్నారు. 2012 నుండి ఏ లారీ ఏ వీధిలో మంచు తీయుచున్నదో పౌరులు అంతర్జాలమున పటముపై చూచుకొను ఏర్పాటు జరిగినది. తమ సందులోనికి లారీ వచ్చినదా, ప్రక్క పేటకే పోయినదా యని ఇప్పుడు ఎవ్వరిని అడుగనక్కరలేదు. 2023లో ఆ లారీలకు పేర్లు పెట్టుటకు ప్రజలలో పోటీ నడపిరి. వాల్టర్ పేటన్ అను ఫుట్‌బాలు వీరుని పేరును 'సాల్టర్ పేటన్' అని మార్చి ఒక ఉప్పులారీకి పెట్టిరి.

బయట దారి యుండుట యొక యెత్తు, లోపల వెచ్చదన ముండుట యొక యెత్తు. సెప్టెంబరు 15 మొదలు జూన్ 1 వరకు, ఇల్లు వెచ్చచేయు భారము తనదైన యజమాని అద్దె యిండ్లలో పగలు 20 డిగ్రీలకు, రాత్రి 19 డిగ్రీలకు తక్కువ కాకుండ చూడవలెనని శాసనము. అట్లు చేయనివానిపై 311 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. ఒంటరిగా నున్న ముసలివారి క్షేమము విచారించి రమ్మని ఇరుగుపొరుగువారు కోరుటకును అదియే సంఖ్య. ఇల్లు లేనివారును, ఇంటిలో వెచ్చదనము లేనివారును పోయి కూర్చుండుటకు నగరము తాపకేంద్రములను తెరచును. గ్రంథాలయములును ఆ దినములలో ఇట్టివారికి ఆశ్రయ మగును. చదువుటకు వచ్చితివా, చలి కాచుకొనుటకు వచ్చితివా యని అడుగువా రుండరు.

ఇంత చలిలోను అచ్చటివారు తలుపులు మూసికొని కూర్చుండరు. 1913లో నగరము పక్షమున క్రిస్మసు చెట్టును దీపములతో అలంకరించిరి; ఆ వేడుక నేటికిని సాగుచున్నది. 1992 నుండి క్రిస్మసు దినములలో ఒక రైలుబండిని దీపతోరణములతో నింపి నగరమంతటను త్రిప్పుచున్నారు. దానిలో పైకప్పు లేని పెట్టెపై క్రిస్మసు తాత కూర్చుండి చేయి ఊపుచుండును. ఆ బండితోపాటు ఆహారపు బుట్టలను పంచు సంస్థలకు చేర్చుదురు. ఉద్యానవనములలో గడ్డకట్టిన నీటిపై పిల్లలు ఇనుపఅంచుల చెప్పులతో జారుచు ఆడుదురు. చీనావారి పేటలో నూతన సంవత్సరపు ఊరేగింపు జరుగును. చికాగో చెంతనున్న ఔరోరా పట్టణమున వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. ముక్కోటి ఏకాదశినాడు ఆ ప్రాంతపు తెలుగువారు దళసరి కోటులు తొడుగుకొని, మంచు దాటి స్వామిని దర్శింతురు.

పండుగ ముగిసిన పిమ్మట ఇంటింటను ఎండిన క్రిస్మసు చెట్లు మిగులును. జనవరి మొదటి దినములలో వానిని ఈడ్చుకొనిపోయి పేటలోని ఉద్యానవనమున అప్పగింపవచ్చును. నగరపు పనివారు యంత్రములతో వానిని చిన్న చిన్న పేళ్లుగా చేయుదురు. కావలసినవారు ఆ పేళ్లను ఉచితముగా సంచులలో నింపుకొని పోవచ్చును. ఏప్రిల్‌లో మంచుగుట్టలలో చివరిది కరగి, వీధిలో నిలిపిన కుర్చీలు మరల ఇండ్లలోనికి చేరిన తరువాత, వానిని పెరటి మొక్కల మొదళ్లలో పరతురు.