సర్వర్ ఆన్ కావట్లేదా? కంగారుపడి డిస్కులు పీకొద్దు.. ముందు ఇవి చూడండి!

"సర్వర్ డౌన్".. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మీ-సేవకి వెళ్లినా, బ్యాంకుకి వెళ్లినా ఎప్పుడో ఒకప్పుడు వినే మాటే. ఆ సర్వర్ ఎక్కడో దూరంగా డేటా సెంటర్‌లో ఉంటుంది కాబట్టి మనం చేసేదేం లేదు. కానీ ఆస్పత్రిలోనో, కాలేజీ ల్యాబ్‌లోనో, జిన్నింగ్ మిల్లు ఆఫీసులోనో మూలన పెట్టిన సర్వరే మొరాయిస్తే? రిపోర్టులు, మార్కులు, రైతుల లెక్కలు అన్నీ అందులోనే మరి.

ముందు కాసేపు ఆగండి. సర్వర్ మామూలు పీసీలా వెంటనే లేవదు. ర్యామ్ ఎక్కువుంటే చెక్ చేసుకోడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. స్క్రీన్ నల్లగా ఉందని మధ్యలో ఆఫ్ చేయొద్దు.

అసలు లైట్లే వెలగకపోతే కరెంటు సమస్య. చాలా సర్వర్లకి రెండు పవర్ సప్లైలుంటాయి. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. పైగా రెండు కేబుళ్లూ ఒకే యూపీఎస్‌కి పెట్టేస్తారు! యూపీఎస్ పోతే రెండూ పోయినట్టే.

ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోతే ఎక్కువగా ర్యామ్ మీదే అనుమానం. కేబుళ్లు తీసేసి, ర్యామ్‌ని తీసి మళ్లీ గట్టిగా పెట్టి, ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. బీప్ శబ్దాల అర్థం కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడాల్సిందే. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐలో అని విడిగా చిన్న కంట్రోలర్ ఉంటుంది. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, కరెంటు కేబుల్ ఉంటే చాలు, అది పనిచేస్తుంది. ఏ స్లాట్‌లో ర్యామ్ పోయిందో, ఏ ఫ్యాన్ ఆగిందో దాని లాగ్‌లో దొరుకుతుంది. ఇంత మంచి సౌకర్యం ఉన్నా చాలామంది ఆ కేబులే పెట్టరు.

తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోయిందా? మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. దాంతో బయోస్ సెట్టింగులు మారిపోయి, డిస్కులు బాగానే ఉన్నా "బూట్ డివైస్ లేదు" అని వస్తుంది.

డిస్కుల దగ్గరే అసలు ప్రమాదం. రెయిడ్ 5లో ఒక డిస్కు పోతే డేటా ఉంటుంది, మార్చేలోపు రెండోది కూడా పోతే పోయినట్టే. స్క్రీన్ మీద 'ఇనిషియలైజ్' అని అడిగితే అస్సలు నొక్కొద్దు. డిస్కులు తీయాల్సి వస్తే నంబర్లు రాసి పెట్టుకోండి.

మన దగ్గర ఇంకో శత్రువు ఎండ. రామగుండం, ఆదిలాబాద్‌లో మేలో 45 డిగ్రీలు కొత్తేం కాదు. సర్వర్ గదికి 18 నుంచి 27 డిగ్రీల మధ్య మంచిదంటారు నిపుణులు. మధ్యాహ్నం దానంతటదే ఆగిపోయి, సాయంత్రం మామూలుగా లేచిందంటే వేడే కారణం కావొచ్చు. పత్తి నూగు, గ్రానైట్ దుమ్ము ఫ్యాన్లకి పట్టేసిందేమో చూడండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

అన్నట్టు, టెక్నీషియన్ రావడానికి టైమ్ పడితే ఆన్ చేసిన దగ్గర్నుంచి లైట్లు, బీప్ శబ్దం వినపడేలా ఫోన్‌లో వీడియో తీసి పంపండి. ఏ పార్ట్ తెచ్చుకోవాలో ఆయనకి బయల్దేరే ముందే తెలుస్తుంది.