ఓడెక్కిన మిర్చి - ఒడ్డున మిగిలిన రైతు

మాఘమాసం వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డులో కాలు పెట్టే సందుండదు. తెల్లవారకముందే లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. టిక్కీలు దించే హమాలీల దగ్గులు, తుమ్ములు, కాటాల దగ్గర కేకలు. ఊరి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన రైతు తన టిక్కీల మీదే కూచుని కొనేవాడి కోసం ఎదురుచూస్తుంటాడు. చివరికి ఆయన వస్తాడు. ఒక బస్తా మూతి కోసి, గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి చూస్తాడు.

“తాలు ఎక్కువుంది బాబాయ్. తేమ కూడా సరిగా దిగలేదు.”

“పదిహేను రోజులు ఎండబెట్టాను గదయ్యా!”

“ఎండబెట్టావులే. ఈ కాయ పైదేశం పోదు. ఇక్కడి రేటు కట్టిస్తా, ఇష్టమైతే ఇయ్యి.”

ఏటా ఏ యార్డులోనైనా వినపడే మాటలే ఇవి. రైతు కాసేపు గునుస్తాడు, చివరికి ఒప్పుకుంటాడు. కాయ తిరిగి ఇంటికి తీసుకుపోవడానికి కిరాయి డబ్బులు కూడా జేబులో ఉండవు. అదే కాయను శీతల గిడ్డంగిలో ఆడకూలీల చేత తొడిమలు తీయించి, తాలు ఏరించి, సంచి మార్చి ఓడెక్కించినా ఆ సంగతి రైతుకు తెలిసే దారి లేదు.

“చిన్న రైతులు, చిన్న ఆహార పరిశ్రమలు విదేశాలకు ఎగుమతి చేయాలి, అందుకు ప్రభుత్వం తోడ్పడుతుంది” అని ఈమధ్య ప్రతి సభలోనూ వినిపిస్తున్నది. వినడానికి బాగానే ఉంది. అయితే ఈ తోడ్పాటు ఎవరికి అందుతున్నది, ఎక్కడ ఆగిపోతున్నది అన్నది మిర్చి కథలోనే స్పష్టంగా కనపడుతుంది.

ఎగుమతి పెరిగితే ధర పెరుగుతుందా?

మిర్చి ఎగుమతి లేని పంట కాదు. దేశం నుంచి బయటికి పోయే సుగంధ ద్రవ్యాల్లో పెద్దపీట దానిదే. 2016-17లో సుమారు 4 లక్షల టన్నుల మిర్చి విదేశాలకు వెళ్లింది. దాని విలువ 5 వేల కోట్ల రూపాయలు దాటింది. అంత ఎగుమతి జరిగిన ఆ సీజనులోనే రైతు కుప్పకూలాడు. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల కడుపు మంట బద్దలైంది. తర్వాత పదిమంది రైతులకు సంకెళ్లు వేసి కోర్టుకు తీసుకుపోయారు. అప్పుడు కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు కొనిపిస్తామని ప్రకటించింది.

ఎనిమిదేళ్ల తర్వాత కూడా అదే కథ. 2023-24లో 6 లక్షల టన్నులు పోయాయి. 2024-25లో అది 7 లక్షల టన్నులు దాటింది. సరుకు పెరిగింది, వచ్చిన డబ్బు మాత్రం ముందటేడు కంటే తగ్గింది. అంటే ఎక్కువ కాయ పంపి తక్కువ డబ్బు తెచ్చుకున్నాం. 2025 మొదట్లో యార్డుల్లో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కితే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది.

కారణం ఏమిటి? 2023-24లో మన ఎగుమతిలో పదింట మూడు వంతులు ఒక్క చైనాకే పోయింది. మన తేజ రకం కాయ ఘాటు వాళ్లకు కావాలి. ఆ కాయ నుంచి నూనె సారం తీసి పరిశ్రమలకు వాడుకుంటారు. ఇంత సరుకు ఒకే కొనుగోలుదారు చేతిలో ఉంటే, ఆయన ఒక నెల చేయి వెనక్కి తీసుకున్నాడా, మన కల్లాల్లో కాయ గుట్టలు పడుతుంది. ఆ దెబ్బ ముందు తగిలేది ఎగుమతిదారుకు కాదు. అతను కొనడం మానుకుంటాడు, అంతే. రైతు పండించడం మధ్యలో మానుకోలేడు గదా!

కాగితాల గడప

మరి చిన్న రైతులు, కారం పట్టే చిన్న మిల్లులు, మహిళా సంఘాల పొడుల యూనిట్లు నేరుగా ఎగుమతి చేయకూడదా? చేయొచ్చు. చట్టం అడ్డు చెప్పదు. మొదటి కాగితాలు అంత కష్టమైనవీ కావు.

విదేశీ వ్యాపార డైరెక్టరేటు నుంచి ఎగుమతి, దిగుమతి కోడ్ నంబరు తీసుకోవాలి. దానికి ఫీజు 500 రూపాయలు. పాన్ కార్డు నంబరే ఆ కోడ్ నంబరు అవుతుంది. ఆహార భద్రతా సంస్థ లైసెన్సు ఉండాలి. మిర్చి, పసుపు వంటివైతే కొచ్చిలో ప్రధాన కార్యాలయం ఉన్న సుగంధ ద్రవ్యాల బోర్డులో ఎగుమతిదారుగా నమోదు కావాలి. ఊరగాయలు, మామిడి గుజ్జు, కూరగాయల వంటివైతే అపెడా అనే సంస్థలో నమోదు కావాలి. చాలా దేశాలకు పోయే ఎండు కాయకు పురుగు, తెగులు లేవని మొక్కల క్వారంటైన్ అధికారులు ఇచ్చే ధ్రువపత్రం కూడా కావాలి.

ఈ కాగితాలు పెట్టిస్తామని వేలకు వేలు గుంజే దళారులు తయారయ్యారు. రైతు సంఘంలో చదువుకున్న కుర్రాడు ఒకడుంటే ఇందులో చాలా పని కూచున్నచోటే చేసిపెడతాడు. అసలు గడప ఆ తర్వాత వస్తుంది.

కల్లంలోనే మొదలయ్యే పరీక్ష

ఐరోపా దేశాలు మిర్చిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం మొత్తం కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములకు మించకూడదంటాయి. అంటే టన్ను కాయలో 10 మిల్లీగ్రాములు. మిరపకు ప్రత్యేకంగా హద్దు పెట్టని పురుగుమందులైతే కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదంటాయి. 2003లో మన కారంలో సూడాన్ అనే రంగు బయటపడి విదేశాల్లో సరుకు ఆగిపోయింది. ఆ రంగు కలిపింది రైతు కాదు. అయినా ఆ తర్వాత వచ్చిన పరీక్షల భారం, ధర కోత మాత్రం కిందిదాకా దిగింది.

బూజు ఎక్కడ పుడుతుంది? కల్లంలోనే. కాయలో తేమ పదీ పదకొండు శాతానికి దిగాలి. మట్టి నేల మీద ఆరబోస్తే, రాత్రి మంచు పడితే, అకాల వాన తడిపితే బూజు పడుతుంది. తూకం పెరుగుతుందని యార్డుకు తెచ్చేముందు నీళ్లు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మన వేలితో మన కంటినే పొడుచుకోవడం అది. కానీ సిమెంటు కల్లం, మంచి పట్టలు ఎందరికున్నాయి? ఎకరంన్నర కౌలుకు చేసేవాడు రోడ్డు పక్కన ఆరబోసుకుంటున్నాడు.

పురుగుమందు సంగతీ అంతే. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి ఆంధ్ర, తెలంగాణల్లో మిరప తోటలు నాశనమైనప్పుడు రైతుకు ఏ మందు కొట్టాలో చెప్పినవాడెవడు? అప్పు మీద మందు ఇచ్చే దుకాణదారుడు. అప్పు ఇచ్చినవాడు ఏది అంటగడితే అదే కొట్టాలి. ఆ కాయలో మందు అవశేషం ఉందని తీరా రేవుకు పోయాక తిప్పికొడితే నష్టం ఎవరిది?

పెట్టుబడి దగ్గర తెగే దారం

లెక్క వేసి చూద్దాం. ఒక కంటైనరు నింపాలంటే పది టన్నులకు పైగా కాయ కావాలి. ఎకరాకు 20 క్వింటాళ్లు పండినా ఎకరంన్నర రైతుకు వచ్చేది మూడు టన్నులు. నలుగురైదుగురు రైతులు ఒకే విత్తనం వేసి, ఒకే తీరుగా ఎండబెట్టి, ఒకే గ్రేడు చేస్తే గానీ ఒక్క కంటైనరు నిండదు. ఒంటరిగా ఎవరివల్లా కాదు.

నింపారే అనుకుందాం. సరుకు ఓడెక్కాక డబ్బు చేతికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రైతుకు అప్పటిదాకా ఆగే ఓపిక ఎక్కడిది? విత్తనం నాడు అప్పిచ్చిన కమీషన్ ఏజెంటు కాయ తన కొట్టుకే రావాలంటాడు. ఆ ముడి విప్పకుండా ఎగుమతి శిక్షణ ఎన్ని తరగతులు పెట్టినా ఏం లాభం? కౌలు రైతుకు బ్యాంకు అప్పే పుట్టదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం భూయజమాని సంతకం కావాలని మెలిక పెట్టింది. సంతకం పెట్టే ఆసాములు ఎందరు?

2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టిస్తామన్నది. సభ్యులు కట్టిన వాటా ధనానికి సమానంగా, సంఘానికి 15 లక్షల రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. 2 కోట్ల రూపాయల వరకు అప్పుకు హామీ కూడా ఉంది. ఇది వాడుకోదగ్గ అవకాశమే. అయితే ఊళ్లో పెద్ద రైతులు నలుగురు బోర్డులో కూచుని, సంఘాన్ని ఎరువుల దుకాణంగా మార్చుకుంటే పేద రైతుకు ఒరిగేదేమీ లేదు. సభ్యత్వంలో కౌలు రైతులు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, లెక్కలు సభలో చదివి వినిపిస్తున్నారా, ఇవి అడగాలి.

కూలీ చేతులు

ఎగుమతి నాణ్యత అని అందరూ అంటున్నారు. ఆ నాణ్యత చేసేదెవరు? కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి పిల్లాపాపలతో వలస వచ్చి చేలల్లో గుడారాలు వేసుకుని కాయ కోసే కూలీలు. శీతల గిడ్డంగుల దగ్గర పొద్దస్తమానం కూచుని తొడిమలు తీసే గుంటూరు ఆడవాళ్లు. చేతులు మండి రాత్రిళ్లు నిద్ర పట్టదు. చంటిబిడ్డను ఎత్తుకుందామన్నా ఆ చేత్తో తాకలేరు. ఘాటుకు గొంతు, కళ్లు పాడవుతాయి. విదేశీ కొనుగోలుదారు కోసం కాయకు పరీక్ష ఉంది. కాయ ఏరిన మనిషి ఊపిరికి పరీక్ష ఏదీ?

తాలు, మంచి కాయ వేరుగా కోయించి, నేలకు తగలకుండా ఎండబెట్టించాలంటే పని పెరుగుతుంది. పని పెరిగితే కూలి పెరగాలి. రైతుకు ధర లేదనే సాకుతో కూలి కోస్తే, కూలీ చేయి తొందరపడుతుంది. గ్రేడు చెడుతుంది. రైతూ కూలీ ఒకరినొకరు పీక్కుంటుంటే పైవాడి పని సులువవుతుంది.

ఏం చేయాలి, ఏం అడగాలి

ముందు మనం చేయగలిగింది. ఊరికి ఇరవై మంది రైతులు ఒక జట్టుగా కట్టి ఒకే రకం వేయడం, కొట్టిన మందు పేరూ తేదీ పుస్తకంలో రాసుకోవడం. గుంటూరులోని సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రయోగశాలలో కాయ ముందే పరీక్ష చేయించి, ఆ కాగితం చేతబట్టుకుని బేరం ఆడడం. పరీక్ష కాగితం ఉంటే “పైదేశం పోదు” అనే మాట చెల్లదు. మొదటి ఏడే ఓడ దాకా పోనక్కర్లేదు. రాతపూర్వక ఒప్పందంతో ఎగుమతిదారుకు నేరుగా అమ్మినా కమీషన్, తరుగు, మచ్చు పేరుతో పోయే కాయ మిగులుతుంది. ముక్కూముఖం తెలియని విదేశీ కొనుగోలుదారుకు బ్యాంకు హామీపత్రం లేకుండా సరుకు పంపొద్దు. డబ్బు ఎగ్గొట్టే ప్రమాదానికి కేంద్ర ప్రభుత్వ ఎగుమతి రుణ హామీ సంస్థ బీమా ఇస్తుంది. అది తీసుకున్నాకే బిల్లు రాయాలి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది. ప్రతి మిరప ఊరిలో ఉమ్మడి సిమెంటు కల్లం, పట్టలు, వాన కాలానికి ఆరబెట్టే యంత్రం కావాలి. చిన్న రైతుల జట్టుకు పరీక్ష ఫీజు ప్రభుత్వమే భరించాలి. కాయ గిడ్డంగిలో పెట్టిన రోజే రసీదు మీద తక్కువ వడ్డీకి అప్పు, కౌలు రైతుకు కూడా, యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా ఇవ్వాలి. ఎగుమతి ధర ఏరోజుకారోజు యార్డు బోర్డు మీద తెలుగులో రాయాలి. బయట మార్కెట్ కూలినప్పుడు నిలబెట్టే గిట్టుబాటు ధర విత్తనం వేసే ముందే ప్రకటించాలి. కోత కూలీలకు, తొడిమలు తీసే వారికి నిర్ణీత కూలి, చేతి తొడుగులు, వైద్య పరీక్ష లేని గిడ్డంగికి ఎగుమతి రాయితీలు ఇవ్వకూడదు.

వచ్చే మాఘానికి మళ్లీ టిక్కీలు యార్డుకు చేరతాయి. బస్తా మూతి కోసి ఎవరో గుప్పెడు కాయ తీస్తారు. ఆ రోజున రైతు ఒక్కడే కూచుని ఉంటాడా, పరీక్ష కాగితంతో ఇరవై మంది నిలబడి ఉంటారా అన్నది ఈ ఖరీఫ్ నారుమళ్లు పోసేలోపే తేలాలి. ఊరూరా ఆ మాట ఎత్తాల్సిన బాధ్యత రైతు కార్యకర్తలది, వ్యవసాయ కార్మిక కార్యకర్తలది.