చక్రం 32 మిల్లీమీటర్లు బయటికి జరిగితే

వీల్ స్పేసర్ అంటే హబ్‌కూ చక్రానికీ మధ్య బిగించే మందపాటి లోహపు బిళ్ల. బిళ్ల ఎంత మందముంటే చక్రం అంత బయటికి జరుగుతుంది. అమెరికాలో టొయోటా టకోమా పికప్ యజమానులు దీన్ని విరివిగా వాడతారు. 2016 మోడల్‌తో మొదలైన మూడో తరం టకోమాలో కొన్ని రకాలకు కంపెనీ 265/65 ఆర్17 టైర్లు ఇచ్చింది. రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లు చాలామంది వాటిని తీసేసి 285/70 ఆర్17 వేయించుకుంటారు. కొత్త టైరు 20 మి.మీ. ఎక్కువ వెడల్పు, వ్యాసం సుమారు 54 మి.మీ. పెద్దది. ఇక స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా ఎక్కడో ఒకచోట టైరు రాసుకుంటుంది.

స్పేసరు కొనేముందు తేల్చుకోవలసింది ఆ రాపిడి ఎక్కడ అన్నదే. టైరు లోపలి గోడ సస్పెన్షన్ పై ఆర్మ్‌కో, ఛాసిస్‌కో తగులుతుంటే స్పేసరు సరైన మందు. బయటివైపు ఫెండరుకో, బంపరు మూలకో, మడ్‌ఫ్లాపుకో తగులుతుంటే అదే స్పేసరు జబ్బును ముదరబెడుతుంది. టకోమాకు ఎక్కువగా వేసే 32 మి.మీ. స్పేసరునే తీసుకుందాం. వెడల్పు టైరు వల్ల లోపలి అంచు 10 మి.మీ. లోనికి వస్తుంది, స్పేసరు దాన్ని 32 మి.మీ. బయటికి లాగుతుంది, లోపల అదనంగా 22 మి.మీ. ఖాళీ మిగులుతుంది. బయటి అంచు మాత్రం 42 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది.

అంతటితో ఆగదు. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తన నడిమధ్య గీత మీద తిరగదు, లోపలున్న బాల్ జాయింట్ల ఇరుసు చుట్టూ తిరుగుతుంది. చక్రం ఆ ఇరుసుకు దూరమైన కొద్దీ పెద్ద వంపు తీసుకుంటుంది. చక్రాలు 35 డిగ్రీలు తిరిగితే 32 మి.మీ. స్పేసరు వల్ల మలుపు లోపలివైపు చక్రం దాదాపు 18 మి.మీ. అదనంగా వెనక్కి, రెండోవైపు చక్రం అంతే ముందుకు జరుగుతాయి. తిన్నగా ఉన్నప్పుడు హాయిగా తిరిగే టైరు పార్కింగులో మలుపు తిప్పగానే గరగరలాడేది అందుకే. హబ్ బేరింగు మీద వంపు భారం కూడా ఇదే లెక్కన పెరుగుతుంది, ఎగుడుదిగుడు దారిలో స్టీరింగు చేతిని ఎక్కువగా గుంజుతుంది. అవసరానికి మించిన మందం ఏ విధంగానూ మేలు చేయదు.

స్పేసర్లలో రెండు రకాలున్నాయి. పల్చనివి హబ్ మీదున్న పాత స్టడ్లకే (నట్లు ఎక్కే మర బోల్టులకే) తొడుగుతారు; దాంతో నట్టు పట్టే మరలు తగ్గుతాయి. 12 మి.మీ. స్టడ్డుకు 1.5 మి.మీ. మర ఉంటే నట్టు కనీసం ఎనిమిది చుట్లు పట్టాలి. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టుకోవచ్చు. మందపాటివాటికి సొంత స్టడ్లుంటాయి. స్పేసరు హబ్‌కు, చక్రం స్పేసరుకు వేర్వేరు నట్లతో బిగుస్తాయి. టకోమాకు 139.7 మి.మీ. వలయం మీద ఆరు స్టడ్లు, చక్రం మధ్య రంధ్రం సుమారు 106 మి.మీ. స్పేసరు ఆ హబ్ మీద వదులు లేకుండా కూర్చోవాలి, చక్రాన్ని నడిమధ్యన నిలిపే అంచు దానికీ ఉండాలి. పోత అల్యూమినియం కన్నా 6061-టి6 లాంటి గట్టి మిశ్రమంతో చేసినదే నమ్మదగినది.

బిగింపులో తొందర పనికిరాదు. చక్రాన్ని మోసేది స్టడ్ల మందం ఒక్కటే కాదు, నట్లు కలిగించే నొక్కుడు వల్ల రెండు లోహ ముఖాల మధ్య పుట్టే ఘర్షణ కూడా. టకోమా నట్లకు కంపెనీ చెప్పిన 113 న్యూటన్ మీటర్ల బిగువులో ఒక్కో స్టడ్డు దాదాపు నాలుగున్నర టన్నుల బరువంత గట్టిగా నొక్కుతుంది. మధ్యలో తుప్పు పొర ఉంటే నాలుగు రోజులకు అది నలిగి నొక్కుడు సడలుతుంది. అందుకే బ్రేకు డిస్కు మీది పల్చటి రేకు క్లిప్పులు తీసేసి, ముఖాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా తోమాలి. నట్లు ఎదురెదురుగా, నక్షత్రం ఆకారంలో, చివరికి టార్క్ రెంచితో బిగించాలి. గాలి గన్నుతో ముగించకూడదు. పాత స్టడ్ల కొసలు స్పేసరు దాటి బయటికొస్తే, చక్రం వెనక వాటికి గుంటలున్నాయో లేదో చూడాలి. లేకపోతే చక్రం స్టడ్ల మీదే ఆగి, ముఖానికి ఆనదు. సుమారు 100 కి.మీ. నడిచాక చక్రం విప్పి లోపలి నట్లను కూడా మళ్లీ చూడటం తప్పనిసరి. చాలామంది వదిలేసేది ఇక్కడే.

రాపిడిని పట్టుకోవడానికి టైరు అంచులకు సుద్ద పూసి, రెండు వైపులా పూర్తిగా తిప్పి, ముందుకూ వెనక్కూ నడపాలి. సుద్ద ఎక్కడ చెరిగిందో, ఎక్కడ అంటుకుందో అదే చోటు. ఒక్కో చక్రాన్ని దిమ్మ మీదికెక్కించి మళ్లీ చూడాలి. ఎత్తు పెంచే కిట్టుతో తీరుతుందనుకోవడం పొరపాటు. నిలబడినప్పుడు ఖాళీ పెరుగుతుంది గానీ, గుంతలో స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం పాత చోటికే వెళుతుంది. అంత పైకి పోకుండా ఆపాలంటే బంప్ స్టాపులు పొడిగించాలి.

తేలిక మార్గాలు ముందు: మడ్‌ఫ్లాపు తీయడం, ఫెండరు లోపలి ప్లాస్టిక్ లైనరును హీట్ గన్నుతో వెచ్చజేసి వెనక్కి నొక్కడం. అలైన్‌మెంటులో కింది ఆర్మ్ క్యామ్ బోల్టులతో కాస్టర్ (స్టీరింగు ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచితే చక్రం కాస్త ముందుకొస్తుంది. ఇవేవీ చాలనప్పుడు మిగిలేది క్యాబిన్ మౌంటు మూల కోయడం. క్యాబిన్‌ను ఛాసిస్ మీద నిలిపే ఆ ఇనుప పెట్టెను కోసి వదిలేస్తే బలం పోతుంది. కోసినచోట కొత్త రేకు పూర్తిగా వెల్డు చేసి, తుప్పు పట్టకుండా ప్రైమరు, పెయింటు వేయాలి.