కయ్య ఎంత? కూలి ఎంత?

దొరవారిసత్రం దగ్గర ఒక కయ్య అనుకుందాం. పదిమంది ఆడవాళ్లు గుత్తకు వరినాట్లు వేశారు. ఎకరాకు 5,000 రూపాయలు బేరం.

"కయ్య 50 సెంట్లేనమ్మా. 2,500 తీసుకోండి" అన్నాడు ఆసామి.

"ఒకసారి కొలిచి చూద్దాం అన్నా" అంది ఒకామె.

అందరూ కలిసి లెక్క చేశారు.

1. 66 అడుగుల తాడు తీసుకున్నారు. పాతకాలం సర్వే గొలుసు కూడా 66 అడుగులే. తాడంత పొడవు, తాడంత వెడల్పు ఉన్న గడి అంటే 10 సెంట్లు.

2. నాలుగు గట్లూ కొలిచారు. ఎదురెదురు గట్లు సమానం. మూలలు పలక మూలల్లా ఉన్నాయి. పొడవు 3 తాళ్లు. వెడల్పు 2 తాళ్లు.

3. నేలమీద గడులు గీశారు. 3 × 2 = 6 గడులు. 6 × 10 = 60 సెంట్లు.

4. ఎకరా అంటే 100 సెంట్లు. 100 సెంట్లకు 5,000 రూపాయలు. ఒక సెంటుకు 50 రూపాయలు. 60 × 50 = 3,000 రూపాయలు.

ఆసామి కూడా గడులు లెక్కపెట్టాడు. తక్కువైన 500 ఇచ్చాడు. మనిషికి 50 రూపాయలు ఎక్కువ వచ్చింది.

వంకర కయ్యకు ఈ లెక్క సరిపోదు. దాన్ని ముక్కలు చేసి కొలవాలి.

ఇంకో కయ్య పొడవు 4 తాళ్లు, వెడల్పు 2 తాళ్లు. ఎన్ని సెంట్లు? కూలి ఎంత? మీరే చేసి చూడండి.