హాజరుపట్టీలో ఊరు

ఉదయం ఎనిమిది కాకముందే కాలవ గట్టు మీద పసుపు బస్సులు బారులు తీరతాయి. కోనసీమ వెళ్లినా, భీమవరం చుట్టుపక్కల తిరిగినా ఇదే దృశ్యం. టై కట్టుకున్న పిల్లల్ని ఎక్కించుకుని అవి కదిలిపోయాక, సైకిళ్ల మీదా నడిచీ వచ్చేవాళ్లు మిగులుతారు. వాళ్లది జిల్లా పరిషత్ హైస్కూలు!

మోతుబరి కొడుకూ పాలేరు కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చున్నది ఒకప్పుడు ఈ బళ్లోనే. ఇప్పుడా హాజరుపట్టీలో ఎక్కువగా కనిపించేది కూలీల, కౌలు రైతుల, చేపల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ల పిల్లలు. కొందరి అమ్మలు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర అమ్మమ్మది.

మరి ఆడపిల్లలో? 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టేనాటికి అసలు ఆడపిల్లకి చదువెందుకనేవారు. ఇప్పుడు చదివిస్తున్నారు. కానీ ఇంట్లో ఇద్దరుంటే అబ్బాయికి కాన్వెంటు, అమ్మాయికి సర్కారు బడి... ఈ లెక్క చాలా ఇళ్లలో ఇంకా పోలేదు.

తప్పంతా పసుపు బస్సులదే అనుకుంటే పొరపాటు. అసలు పిల్లలే తగ్గారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 1.7. ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే, 2024లో ఆ నిబంధన ఎత్తేసింది. ఈ మధ్యలో పుట్టని పిల్లలకి హాజరెవరు పలుకుతారు?

పిల్లలు తగ్గితే పోయేది బెంచీలే కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 6-8 తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలి, వంద దాటితే పూర్తికాలపు హెడ్మాస్టరు ఉండాలి. అంకె పడిపోతే పోస్టు మరో ఊరికి తరలిపోతుంది. లెక్కల మాస్టారు లేరని ఇంకో నలుగురు బస్సెక్కుతారు. అప్పుడు అంకె ఇంకా పడిపోతుంది! 2022లో 117 జీవో కింద చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలిపారు. ఎనిమిదేళ్ల పిల్లలకి బడి దూరమైందని తల్లిదండ్రులు గొడవ పెట్టారు. 2025లో ఆ జీవో రద్దయింది.

కరోనా రోజుల్లో మాత్రం గాలి కాస్త ఇటు మళ్లింది. అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో సర్కారు బడికెళ్లే పిల్లలు 2018లో నూటికి 65.6 మంది. 2022లో 72.9 అయ్యారు. 2024కల్లా మళ్లీ 66.8. ఫీజు కట్టే ఓపిక రాగానే బస్సెక్కేశారన్నమాట. 2020లో మొదలైన అమ్మఒడి, 2025లో వచ్చిన తల్లికి వందనం డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ అందుతుంది కాబట్టి, అవి పిల్లల్ని ఇటే ఉంచుతాయన్న భరోసా లేదు.

అందుకే వేసవిలో మాస్టార్లు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. గుమ్మంలో అమ్మలడిగే మొదటి ప్రశ్న, "లెక్కల మాస్టారున్నారా అండీ?" రెండోది కాస్త మొహమాటంగా, "మీ అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడండీ?"